టికెట్ మనది, జట్టు వాళ్లది: డాలస్ మావెరిక్స్ హోమ్ గేమ్ రివ్యూ

బాస్కెట్‌బాల్ టికెట్ కొన్నవాడికి చివరికి చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. ఫోన్‌లో ఒక బార్‌కోడ్, రెండున్నర గంటలు కూర్చోడానికి ఒక కుర్చీ, అంతే. అయినా ఏటా 41 హోమ్ గేములకు ముందే డబ్బు కట్టేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లు కొనేది "మన కుర్రాడు ఇంకో పదేళ్లు మన కళ్లముందే ఆడతాడు" అన్న భరోసా. 2025 ఫిబ్రవరి 1 రాత్రి, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే డాలస్ మావెరిక్స్ తన స్టార్ లూకా డాన్సిచ్‌ని లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి ట్రేడ్ చేసి, అంటే ఆటగాళ్ల మార్పిడిలో ఇచ్చేసి, ఆ సరుకునే పాడుచేసింది. అందుకని ఈ రివ్యూలో హాలుకీ ఆటకీ ఒక మార్కు, యాజమాన్యానికి వేరే మార్కు. రెండూ కలిపి సగటు తీస్తే ఎవరికీ న్యాయం జరగదు.

ముందు హాలు సంగతి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ 2001లో తెరిచారు. బాస్కెట్‌బాల్‌కి దాదాపు 19,200 మంది పడతారు. కింద 100 నంబర్ల సెక్షన్లు, మధ్యలో కాస్త ఖరీదైన 200 వరస, పైన 300 వరస. ఆట అర్థం చేసుకుంటూ చూడాలనుకునేవాళ్లకి కింద బుట్ట వెనకాల మూల సీటు కంటే 300లో సైడ్‌లైన్ ఎదురుగా ముందు వరసలు మేలు. పికెండ్‌రోల్ (ఇద్దరు ఆటగాళ్లు కలిసి ఆడే ఎత్తు) ఎలా మొదలైంది, డిఫెన్స్ ఎటు జరిగింది, ఏ మూల షూటర్ ఖాళీగా ఉన్నాడు అన్నీ పైనుంచి చదరంగం బల్లలా కనిపిస్తాయి. కింద మూలలో కూర్చుంటే అవతలి బుట్ట దగ్గర జరిగేది సగం పెద్ద తెర మీదే చూడాలి. దానికి రెండింతల డబ్బు పెట్టడం దండగ.

చేరుకోడం తేలిక. విక్టరీ స్టేషన్ హాలు పక్కనే. అర్వింగ్, లాస్ కొలీనాస్ వైపు ఉండే మనవాళ్లకి డార్ట్ (డాలస్ నగర రవాణా సంస్థ) ఆరెంజ్ లైన్ రైలు మారకుండా దింపుతుంది. డాలస్, ఫోర్ట్‌వర్త్ మధ్య తిరిగే టీఆర్ఈ రైలు కూడా అక్కడే ఆగుతుంది కానీ ఆదివారం నడవదు. ఇది మరిచిపోయి ఆదివారం గేముకి టీఆర్ఈని నమ్ముకుంటే ఇబ్బంది. కారులో వెళ్తే రావడం కష్టమేమీ కాదు, ఆట అయ్యాక గ్యారేజీలోంచి బయటపడటమే యజ్ఞం.

హాలు ముందు డిర్క్ నొవిట్స్కీ విగ్రహం ఉంటుంది. 2022 క్రిస్మస్ రోజు ఆవిష్కరించారు. ఒంటికాలి మీద వెనక్కి వాలి వేసే అతని షాట్ భంగిమ. దిమ్మె మీద "విధేయత వాడిపోదు" అన్న అర్థంలో ఇంగ్లీషు వాక్యం చెక్కి ఉంది. 21 సీజన్లు ఒకే జట్టుకి ఆడి, 2011లో టైటిల్ తెచ్చిన మనిషికి తగిన మాట. చెక్కించింది యాజమాన్యమే. ట్రేడ్ వార్త వచ్చిన మర్నాడు అభిమానులు శవపేటిక తెచ్చి ఈ విగ్రహం దగ్గరే పెట్టారు, పూలు పెట్టారు. ఊరు మొత్తంలో అంతకంటే సరైన చోటు ఇంకోటి లేదు మరి.

ఏం జరిగిందో తెలిసినవాళ్లు ఎక్కువే ఉంటారు గానీ లెక్క ఒకసారి చూద్దాం. లూకా డాన్సిచ్, అప్పటికి వయసు 25. ఎనిమిది నెలల క్రితమే జట్టుని ఫైనల్స్‌కి తీసుకెళ్లాడు, బోస్టన్ చేతిలో 4-1తో ఓడారు. అలాంటివాణ్ని మాక్సీ క్లీబర్, మార్కీఫ్ మోరిస్‌లతో కలిపి లేకర్స్‌కి ఇచ్చేశారు. బదులుగా వచ్చింది 31 ఏళ్ల ఆంథనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029లో ఒక మొదటి రౌండ్ పిక్, అంటే కొత్త కుర్రాళ్లని పంచుకునే డ్రాఫ్ట్‌లో ఒకణ్ని ఎంచుకునే వంతు. అభిమానికి కడుపు మండింది ఆ చివరి "ఒక" దగ్గరే. ఇంతకంటే తక్కువ స్థాయి ఆటగాళ్లకి నాలుగైదు పిక్కులు ముట్టిన రోజులివి. బయట ఇంకెవర్నీ అడక్కుండా, వేలం పాట పెట్టకుండా, గుట్టుగా ఒకే జట్టుతో బేరం కానిచ్చారు. ఇల్లు అమ్మేవాడు కూడా కనీసం నలుగురిని అడుగుతాడు.

జనరల్ మేనేజర్ నికో హారిసన్ చెప్పిన కారణం డిఫెన్స్. పైకి గట్టిగా చెప్పని కారణం ఒంటి దారుఢ్యం, ఆ వేసవిలో ఇవ్వాల్సి వచ్చే అయిదేళ్లకు దాదాపు 34.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. హారిసన్‌ని పూర్తిగా తీసిపారేయడం న్యాయం కాదు. కైరీ అర్వింగ్‌ని తెచ్చింది, డెరెక్ లైవ్లీని డ్రాఫ్ట్‌లో పట్టుకుంది, 2024 ఫిబ్రవరిలో పి.జె. వాషింగ్టన్, డేనియల్ గాఫర్డ్‌లని తెచ్చి జట్టుని ఫైనల్స్ స్థాయికి లాగింది ఆయన హయాంలోనే. కానీ 2022లో జేలెన్ బ్రన్సన్‌ని చేతులారా న్యూయార్క్‌కి పోనిచ్చిందీ ఆయన హయాంలోనే. ఆ పుండు మానకముందే దాని మీద కారం పడింది.

2023 చివర్లో అప్పటి ఓనర్ మార్క్ క్యూబన్ జట్టులో మెజారిటీ వాటాని ఎడెల్సన్, డూమాంట్ కుటుంబాలకి అమ్మడం ఇంకో మెలిక. క్యూబన్ ఉన్నన్నాళ్లూ అభిమాని కోపానికి ఒక ముఖం ఉండేది. బెంచి వెనకాల టీషర్టు వేసుకుని కూర్చునేవాడు, రిఫరీలని తిట్టి జరిమానాలు కట్టేవాడు, ఈమెయిల్ రాస్తే జవాబిచ్చేవాడు. కొత్త ఓనర్ల ముఖం ఊళ్లో ఎవరికీ పెద్దగా తెలీదు. తిట్టాల్సినవాడు కనపడనప్పుడు కోపం కనపడే మనిషి మీదకి పోతుంది. అలా మొత్తం నికో నెత్తిన పడింది.

ఇక్కడ సీజన్ టికెట్ అనే వస్తువు పనిచేసే తీరు తెలిస్తే తర్వాత జరిగింది అర్థమవుతుంది. రెన్యువల్ నోటీసులు సీజన్ ముగియకముందే, ఫిబ్రవరి మార్చిల్లోనే మొదలవుతాయి. వదులుకుంటే ఏళ్ల తరబడి కూర్చున్న సీటు పోతుంది. మళ్లీ కావాలంటే లైనులో చివర నిలబడాలి, అదే వరస దొరుకుతుందని నమ్మకం లేదు. అందుకే కోపం వచ్చినా చాలామంది వదలరు. యాజమాన్యానికి ఈ సంగతి బాగా తెలుసు. ట్రేడ్ అయిన నెలకి, మార్చి మొదట్లో, వచ్చే సీజన్ టికెట్ల ధర సగటున 8.61 శాతం పెంచుతున్నట్టు చెప్పారు. అదే రోజుల్లో, మార్చి 3న, కైరీ అర్వింగ్ మోకాలి లిగమెంటు తెగింది. డేవిస్ అప్పటికే మొదటి ఆటలోనే తొడ కండరం పట్టేసి బెంచీకి చేరాడు. అంటే ఉన్న హీరోని పంపేసి, వచ్చిన హీరో ఆడక, మిగిలిన హీరో కాలు విరగ్గొట్టుకున్న వారంలో "ధర పెరిగింది" అని ఉత్తరం. పెంపు మాట ముందే అనుకున్నదే కావచ్చు. కిరాణా కొట్టువాడికైనా ఏ రోజు బెల్లం రేటు పెంచాలో, ఏ రోజు నోరు మూసుకోవాలో తెలుస్తుంది.

"హౌస్‌ఫుల్" అన్న మాటకి కూడా మోసపోకూడదు. మావెరిక్స్ 2001 డిసెంబరు నుంచి వరసగా టికెట్లన్నీ అమ్ముడవుతున్నాయని గొప్పగా చెప్పుకుంటూ వచ్చింది. ప్రకటించే హాజరు అంటే ఇచ్చిన టికెట్ల లెక్క, కుర్చీలో ఉన్న మనుషుల లెక్క కాదు. కోపమొచ్చి ఇంట్లో కూర్చున్నవాడి టికెట్ కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. అలిగి సీటు ఖాళీగా వదిలేస్తే ఆ రాత్రి యాజమాన్యానికి పోయేది బీరు, నాచోస్, పార్కింగ్ డబ్బు. టికెట్ డబ్బు మార్చిలోనే వాళ్ల పెట్టెలో పడింది. అలిగి ఆ టికెట్‌ని బయట అమ్మేస్తే ఇంకో చిక్కు. కొనేది ఎక్కువగా అవతలి జట్టువాళ్లు. మన హాలు వాళ్ల రంగుతో నిండుతుంది.

సీటు వదలకుండా కోపం చూపించాలంటే మిగిలేది గొంతు. డాలస్ అభిమానులు ఇందులో ఆరితేరారు. నినాదం "ఫైర్ నికో", అంటే "నికోని పీకెయ్యండి". రెండే మాటలు. ఎవడికీ నేర్పక్కర్లేదు, తాగినవాడైనా తాళం తప్పడు. అసలు తెలివంతా ఎప్పుడు అరవాలో పట్టుకోడంలో ఉంది. ఆట నడుస్తున్నప్పుడు అరిస్తే చప్పుట్లో కలిసిపోతుంది. టైమౌట్‌లో అరిస్తే స్పీకర్లు పాటతోనో, "డిఫెన్స్" కేకతోనో ముంచేస్తాయి. హోమ్ ఆటగాడు ఫ్రీ త్రోకి (ఫౌల్ జరిగాక ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్‌కి) నిలబడినప్పుడు మాత్రం హాలంతా నిశ్శబ్దంగా ఉండటం ఆనవాయితీ. స్పీకర్లు కూడా ఊరుకుంటాయి. ఆటగాడికి బంతి అందాక పది సెకన్లు. రెండు షాట్లంటే దాదాపు అర నిమిషం ఖాళీ. ఆ ఖాళీలో 300 సెక్షన్‌లో ఒక మూల నలుగురు మొదలుపెడతారు. మొదటి రెండుసార్లు తడబడుతూ వస్తుంది, మూడోసారికి పక్క సెక్షన్ అందుకుంటుంది, అయిదోసారికి కింద ఖరీదైన సీట్లలోవాళ్లు కూడా పెదాలు కదుపుతుంటారు. కోర్టు పక్కన మైకులు ఉంటాయి కాబట్టి దేశమంతా టీవీలో స్పష్టంగా వినిపిస్తుంది. అదే హాలులో ఆడే డాలస్ స్టార్స్ హాకీ ఆటల్లో కూడా ఈ నినాదం వచ్చింది. మంచు మీద ఆడేవాళ్లకి పాపం దీంతో ఏ సంబంధమూ లేదు.

యాజమాన్యం జవాబు మొదట్లో పోలీసు పద్ధతిలో ఉంది. ఫిబ్రవరి 10న శాక్రమెంటోతో ఆటలో నికోకి వ్యతిరేకంగా బోర్డు పట్టుకున్నవాళ్లని, నినాదాలు చేసిన కొందరిని బయటికి పంపారు. పెద్ద తెర మీద తన ముఖం కనపడగానే పెదాలతో ఆ రెండు మాటలే పలికిన అభిమానిని కూడా. కారణంగా చెప్పింది ప్రేక్షకుల ప్రవర్తనా నియమావళి. ఈ నియమావళి ఎన్‌బీఏ హాళ్లన్నిటికీ ఉంటుంది, టికెట్ కొన్న క్షణమే ఒప్పుకున్నట్టు లెక్క. బూతులు, బూతు రాసిన బోర్డులూ బట్టలూ, కోర్టు మీదకి వస్తువులు విసరడం, తన్నుకోడం, హాలు సిబ్బంది చెప్పినమాట వినకపోవడం, ఇవన్నీ బయటికి పంపే కారణాలు. డబ్బు వెనక్కి రాదు. ఆచరణలో జనం ఎక్కువగా చిక్కేది చివరిదాని దగ్గరే. బోర్డు దించమని సిబ్బంది చెప్పినప్పుడు వాదన పెట్టుకుంటే బోర్డులో ఏం రాసి ఉందన్నది పక్కకి పోతుంది, "చెప్పినా వినలేదు" అన్న ఒక్క మాట చాలు. దించేసి, కూర్చుని, తర్వాతి ఫ్రీ త్రోకి గొంతు వాడినవాడిని ఏం చేయలేరు. పదివేల మందిని బయటికి పంపే గేటు ఏ హాలుకీ లేదు. ఇద్దరు ముగ్గుర్ని పంపిన వీడియోలు మర్నాడు ప్రతి ఫోన్‌లో తిరిగాయి. నినాదం పదింతలైంది.

ఏప్రిల్ 9 ఆట ఈ మొత్తం కథకి అద్దం. లూకా లేకర్స్ చొక్కాలో డాలస్ వచ్చిన రోజు. ప్రతి కుర్చీ మీదా ఒక టీషర్టు మడతపెట్టి ఉంచారు, దానిమీద స్లొవీన్ భాషలో "హ్వాలా జా వ్సే", అంటే "అన్నిటికీ థాంక్స్". పరిచయాలకి ముందు అతని పాత ఆటల వీడియో వేశారు. బెంచి మీద తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఏడ్చాడు. తర్వాత 45 పాయింట్లు కొట్టాడు, లేకర్స్ 112-97తో గెలిచింది. సొంత హాలులో సొంత జట్టు ఓడుతుంటే జనం లేచి చప్పట్లు కొట్టారు, మధ్యమధ్యలో "ఫైర్ నికో". సర్వీసు లెక్కలో చూస్తే ఆ వీడియో, ఆ టీషర్టు నిజంగా మర్యాదగా చేసిన పని, మార్కులు వెయ్యాల్సిందే. కానీ అమ్మాయిని వాళ్లే వెళ్లగొట్టి, గుమ్మం దగ్గర పసుపు కుంకుమ ఇచ్చినట్టుంది.

ఆ తర్వాత వారంలో హారిసన్, సీఈఓ రిక్ వెల్ట్స్ కలిసి పిలిచిన కొద్దిమంది విలేకరులతో కూర్చున్నారు, కెమెరాలు లేకుండా. అభిమాని కోరేది క్షమాపణ కంటే ముందు కళ్లలోకి చూసి మాట్లాడటం. అది కూడా తెర అడ్డం పెట్టుకుని చేస్తే ఎవరు నమ్ముతారు? జట్టు 39-43తో (39 గెలుపులు, 43 ఓటములు) సీజన్ ముగించి, ప్లేఆఫ్స్‌లో చోటు కోసం ఆడే ప్లే-ఇన్‌లో శాక్రమెంటోని గెలిచి మెంఫిస్ చేతిలో ఓడి ఇంటికొచ్చింది.

మే 12న, డ్రాఫ్ట్‌లో ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చే లాటరీలో, 1.8 శాతం అవకాశంతో మొదటి పిక్ తగిలింది. 18 ఏళ్ల కూపర్ ఫ్లాగ్ వచ్చాడు. ఇక జనం చల్లబడతారని అందరూ అనుకున్నారు. వేసవంతా చల్లబడినట్టే కనిపించారు కూడా. అక్టోబరు 22న మొదటి హోమ్ గేమ్‌లో శాన్ అంటోనియో 125-92తో ఉతికేసింది, వాళ్ల ఆటగాడు వెంబన్యామా 40 పాయింట్లు కొట్టాడు. నినాదం పోయినచోటి నుంచే మళ్లీ మొదలైంది. అదృష్టం తెచ్చిన కుర్రాణ్ని అభిమానులు ఇష్టంగానే తీసుకున్నారు, ఆ అదృష్టాన్ని నికో ఖాతాలో వెయ్యడానికి మాత్రం ఒప్పుకోలేదు.

నవంబరు 10న మిల్వాకీతో ఆట 116-114తో పోయింది. చివరి క్షణాల్లో వాషింగ్టన్ ఫ్రీ త్రోలకి నిలబడినప్పుడు కూడా నినాదం ఆగలేదు. కోర్టు పక్క సీట్లో జట్టు గవర్నర్ (లీగ్‌లో ఓనర్ల తరఫు ప్రతినిధి) పాట్రిక్ డూమాంట్ ఉన్నాడు. లూకా లేకర్స్ జెర్సీ వేసుకున్న ఒక కుర్రాడు పక్కకొచ్చి మాట కలిపితే డూమాంట్ ట్రేడ్ విషయంలో బాధపడుతున్నట్టు చెప్పాడని మర్నాడు పత్రికలు రాశాయి. అదే రోజు, నవంబరు 11న, 3-8 రికార్డు దగ్గర, హారిసన్‌ని తీసేశారు. అభిమానులకి డూమాంట్ బహిరంగ లేఖ రాశాడు. మైకేల్ ఫిన్లీ, మాట్ రికార్డీలకి తాత్కాలికంగా పని అప్పగించారు.

అభిమానులకి కూడా మార్కులు వెయ్యాలిగా. ఎక్కువ భాగం మెచ్చుకోదగ్గదే. డేవిస్ అడిగి రాలేదన్న సంగతి హాలు మరిచిపోలేదు. అతను మొదటి హోమ్ గేమ్‌లో 26 పాయింట్లు, 16 రీబౌండ్లు తీస్తుంటే మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు. కోపమంతా ఒక పేరు మీదే నిలబెట్టి, ఆటగాళ్లని దాదాపు వదిలేశారు. దాదాపు అనడం ఎందుకంటే, రెండు పాయింట్ల తేడాలో ఫ్రీ త్రో వేసేవాడి చెవిలో సొంతజనం అరవడం పెనం మీదకి వచ్చిన దోసెని పొయ్యిలో పడెయ్యడమే. మొదటి క్వార్టర్ ఫ్రీ త్రోలో అరిచినా టీవీలో అంతే వినిపిస్తుంది. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాలు వదిలేసి ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవాళ్లు కాదు.

న్యూయార్క్‌వాళ్లు నిక్స్ ఓనర్ జేమ్స్ డోలన్ మీద ఏళ్ల తరబడి "జట్టు అమ్మెయ్" అని అరిచారు. ఏమీ కాలేదు, ఎందుకంటే ఓనర్ తనని తాను తీసేసుకోడు. ఫిలడెల్ఫియాలో దానికి తలకిందులు. 2015-16లో 10-72తో ఓడినా అక్కడ చాలామంది మేనేజర్ శామ్ హింకీ పక్షమే, ఎందుకంటే ఆయన చేస్తున్నదేమిటో వాళ్లకి అర్థమైంది. డాలస్ నినాదం ఫలించడానికి సగం కారణం గురి. ఓనర్ చెయ్యగలిగిన పనినే అడిగారు. మిగతా సగం, నిజం చెప్పాలంటే, 3-8. అదే 8-3 అయ్యుంటే నికో కుర్చీ కదిలేది కాదు.

ఇప్పుడు కొనాలా వద్దా? సీజన్ మొత్తానికి వద్దు. ఆఫీసు మారింది గానీ నమ్మకం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఫ్లాగ్ కోసం విడి గేములు హాయిగా కొనుక్కోవచ్చు. మంగళ, బుధవారాల్లో చిన్న జట్లతో ఆటలకి రీసేల్ ధర ఆట దగ్గరపడేకొద్దీ దిగుతుంది, లేకర్స్ గేముకి మాత్రం దిగుతుందని కాచుకుని కూర్చోవద్దు. 2025 మే నుంచి అమెరికాలో టికెట్ సైట్లు ఫీజులన్నీ కలిపిన ధరే ముందు చూపించాలి. చివరి పేజీలో కొత్త ఫీజు పుట్టుకొస్తే ఆ సైటు వదిలెయ్యండి. ఫ్రిస్కో, ప్లేనో కుటుంబాలు పిల్లలకి ఆట రుచి చూపించడానికైతే ఫ్రిస్కోలోనే మావెరిక్స్ జీ లీగ్ (ఎన్‌బీఏ కింది స్థాయి లీగ్) జట్టు టెక్సస్ లెజెండ్స్ ఆడుతుంది, కామెరికా సెంటర్‌లో. ధర తక్కువ, కోర్టు చేతికందేంత దగ్గర, పార్కింగ్ తలనొప్పి లేదు. టీవీకైతే డాలస్ చుట్టుపక్కల 2024-25 నుంచి లోకల్ ఆటలు యాంటెన్నాతోనే ఉచితంగా వస్తున్నాయి. హైదరాబాదు, విజయవాడలో చూసేవాళ్లకి డాలస్ రాత్రి ఏడున్నర ఆట చలికాలంలో పొద్దున ఏడుకి, మార్చిలో అక్కడ గడియారం ముందుకి జరిపాక ఆరింటికి.

జెర్సీ కొనేటప్పుడు మాత్రం ఒక్క జాగ్రత్త. లూకా నంబరు 77 కొన్నవాళ్లు అది ఇంట్లో దాచుకోవాలో, హాలుకి వేసుకెళ్లాలో తేల్చుకోలేక నెలలపాటు అవస్థపడ్డారు. పిల్లవాడు ఫ్లాగ్ చొక్కా కావాలంటే కొనివ్వండి, వాడి సరదా వాడిది. పెద్దవాళ్లు డిర్క్ నంబరు 41 తీసుకోండి. దాన్ని ఎవరూ ట్రేడ్ చెయ్యలేరు.